నిక్సీ గడియారములు: ఒక చిన్న పరిశ్రమ మంచిచెడ్డలు

కాలమును తెలుపు సాధనములకు నేడు కొఱత గలదని యెవ్వరును అనజాలరు. చేతిలోని ఫోనునందును, వంటయింటి విద్యుత్ పొయ్యిమీదను, బండి ముందుపలకయందును గడియారము గలదు. వెల చెల్లింపకయే కాలము మన కంటబడుచున్నది. ఇట్టి దినములలో ఒక బల్లగడియారమునకు వేలకొలది రూపాయలు పోసి కొనువారుందురా యని సంశయము కలుగుట సహజము. కాని యున్నారు. ఐరోపా ఖండమునందును, అమెరికాయందును, ఇతర దేశములయందును నిక్సీ గొట్టముల గడియారములను ముచ్చటపడి కొనువారును, ఇంటిలోని బల్లమీదనే వానిని కూర్చి యమ్మువారును ఈ శతాబ్దపు తొలి సంవత్సరములనుండి బయలుదేరినారు. ఇంజనీరింగు చదివిన కుమారుడొకడు ఈ పనికి పూనుకొందునని తండ్రిని పెట్టుబడి యడిగినచో, ఆ తండ్రి యేమి చెప్పవలెను? పొమ్మనవలెనా, పొలము వ్రాయవలెనా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే మా యుద్దేశము.

నిక్సీ గొట్టమన నేమో ముందు తెలిసికొందము. చూచుటకిది చిన్న గాజు బుడ్డివలె నుండును. లోపలి గాలినంతయు తీసివేసి, దాని స్థానమున తక్కువ పీడనముతో నియాన్ వాయువును నింపి మూసివేయుదురు. సున్న మొదలు తొమ్మిది వఱకు గల పది అంకెలును సన్నని లోహముతో చేయబడి, ఒకదాని వెనుక నొకటిగ, ఒకదానికొకటి తగులకుండ పేర్చబడి యుండును. ఇవి ఋణధ్రువములు. వీనికి తోడు సన్నని లోహపు జల్లెడయొకటి ధనధ్రువముగ నుండును. ఏ అంకెకు విద్యుత్తు నందింతుమో ఆ అంకెను పొదివికొని నియాన్ వాయువు నారింజవన్నెతో వెలుగును. తక్కినవి చీకటిలో నుండును. మామూలు బల్బునందువలె ఇందు ఎఱ్ఱగ కాలు తీగ లేదు. కావున గొట్టము వేడెక్కుట స్వల్పము. అంకెలు వేఱువేఱు లోతులలో నుండుటచే, అంకె మాఱినప్పుడెల్ల వెలుగు ముందునకును వెనుకకును జరిగినట్లు కన్పట్టును. నేటి పలకలమీది చదునైన అంకెలలో కానరాని యీ లోతే కొనువారి మనస్సు నాకర్షించుచున్నది. ఆపిల్ సంస్థను స్థాపించినవారిలో నొకరగు స్టీవ్ వోజ్నియాక్ రెండు నిక్సీ గొట్టములుగల చేతిగడియారమును ధరించుట లోకప్రసిద్ధము.

ఈ గొట్టమునకు క్రొత్తదనము లేదు. లెక్కల యంత్రములకు పేరుగాంచిన అమెరికాలోని బరోస్ సంస్థ, హైడూ సోదరుల ప్రయోగశాలను కొని, అందు రూపొందిన గొట్టమును 1955లో విపణికి తెచ్చినది. ప్రయోగార్థమై చేసిన మొదటి సంఖ్యాసూచిక యను అర్థమునిచ్చు ఆంగ్లపదముల పొడియక్షరములనుండి నిక్సీ యను పేరు పుట్టినదని చెప్పుదురు. ఆనాడు యంత్రముల లోపల నడచు లెక్కను మనుష్యుని కంటికి అంకెల రూపమున చూపుటకు ఇంతకంటె చక్కని సాధనము లేకుండెను. ప్రయోగశాలల వోల్టు మీటర్లయందును, తరంగముల నెన్ను యంత్రములయందును ఇవే వెలిగినవి. బల్లమీద నుంచుకొనదగిన ఎలక్ట్రానిక్ లెక్కల యంత్రములలో మొదటిదిగ 1961లో బ్రిటనునందు వెలువడిన అనితాయు తన ఫలితమును ఇట్టి గొట్టములయందే చూపెను.

ఇంతలో ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. కొలదిపాటి వోల్టులతో వెలుగునవి, క్రిందపడినను పగులనివి, చవుకైనవి యగుటచే 1970 దశకమునందు అవి నిక్సీ గొట్టమును త్రోసివేసినవి. పశ్చిమదేశముల కర్మాగారములు ఒక్కొక్కటిగ ఈ తయారీని మానుకొన్నవి. సోవియట్ సంఘమునందు మాత్రము 1980 దశకమునందును ఇవి తయారగుచునే యుండెను. 1991లో ఆ సంఘము విచ్ఛిన్నమైన పిదప, గిడ్డంగులలో విడిభాగములుగ నిలిచిపోయిన గొట్టములు పెట్టెలు పెట్టెలుగ వెలికివచ్చినవి. ఇన్-12, ఇన్-14, ఇన్-18 అను రకములు నేటి గడియారముల పనివారికి కంఠోపాఠము. నాలుగు సెంటీమీటర్ల యెత్తు అంకెలుగల ఇన్-18 వీనిలో మిక్కిలి ప్రియమైనది. ఇన్-12లోని అయిదవ అంకె, రెండవ అంకెను తలక్రిందుగ పెట్టినదే! ఒక అచ్చుతో రెండు పనులు గడుపుకొన్న ఆ కర్మాగారపు పొదుపరితనము నేటికిని గాజు వెనుక వెలుగుచున్నది.

ఇక గడియారమును కూర్చుటలోని పనితనమును చూతము. ఇందు ముఖ్యభాగములు నాలుగు. మొదటిది, గోడకు తగిలించు అడాప్టరునుండి వచ్చు 12 వోల్టుల విద్యుత్తును సుమారు 170 వోల్టులకు పెంచు భాగము. ఇంత వోల్టేజి లేనిదే నియాన్ వెలుగునందుకొనదు. రెండవది, ఏ అంకె వెలుగవలెనో ఆ అంకెకు దారి తెఱచు చిప్పు. 74141 అను పాశ్చాత్యపు చిప్పును, దానికి సోవియట్ ప్రతిరూపమగు కె155ఐడి1ను ఇందుకై వాడుదురు. మూడవది కాలమును లెక్కించు భాగము. ఇందలి క్వార్ట్జ్ స్ఫటికము సెకనుకు 32,768 మాఱులు కంపించును. ఈ సంఖ్యను పదునైదు పర్యాయములు సగము చేసినచో సరిగ ఒకటి మిగులును, అదియే సెకను. వేడిమి హెచ్చుతగ్గులను సరిదిద్దుకొను డి.ఎస్.3231 వంటి చిప్పును వాడినచో ఏడాదికి సుమారు ఒక నిమిషమునకు మించి తేడా రాదు. నాలుగవది ప్రతి గొట్టమునకును ప్రవాహమును మితముగ నుంచు నిరోధకము. ఇది లేనిచో గొట్టము మితిమీఱిన విద్యుత్తును లాగికొని తన చావును తానే కొనితెచ్చుకొనును.

ఈ నాలుగును చేతనైన యువకునికి కొలదిమాసములలో పట్టువడును. టంకము చక్కగ వేయుట, బోర్డు గీయుట, చిన్న ప్రోగ్రాము వ్రాయుట నేర్చినవానికి ఇందు దుస్సాధ్యమైనది లేదు. అయినను ఒక మాట మఱువరాదు. 170 వోల్టులు ఆటవస్తువు కాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ కెపాసిటరులలో విద్యుత్తు కొంతసేపు నిలిచి, తాకినవానిని కొట్టగలదు. తన బల్లమీద తాను జాగ్రత్త పడుట ఒకయెత్తు, ఎఱుగని వాని యింటిలో, పసిపిల్లలకు అందుచోట, ఆ వస్తువు పదేండ్లు హాని చేయకుండ నుండుట మఱియొక యెత్తు. ముచ్చట కొఱకు చేయుటకును, అమ్ముట కొఱకు చేయుటకును గల భేద మిదియే. అమ్మదలచినవాడు పెట్టెను మూసి, తీగలను బంధించి, దోషము కలిగినచో విద్యుత్తు తనంత తానాగిపోవు ఏర్పాటు చేసి తీఱవలెను.

గొట్టమునకు ఆయువును, వ్యాధియును గూడ గలవు. తొలినాటి గొట్టములు సుమారు 5,000 గంటలు, అనగా రేయింబవళ్లు వెలిగినచో ఏడు మాసములు మాత్రమే పనిచేసెడివి. తరువాత వాయువునందు స్వల్పముగ పాదరసమును చేర్చుటచే అంకెల అరుగుదల తగ్గి, కడపటి రకములలో కొన్నింటి యాయువు 2,00,000 గంటల వఱకు పెరిగెను. ఇది ఇరువదిరెండేండ్లకు పైమాటయే. ఇక వ్యాధి యెట్టిదనగా, వెలుగుచున్న అంకెనుండి రేణువులు లేచి, వెలుగక యూరకుండు అంకెలమీద పేరుకొనును. చిరకాలము పనిలేక యున్న అంకె తుదకు వెలుగవలసి వచ్చినప్పుడు ముక్కలు ముక్కలుగ మాత్రమే వెలుగును. ఇరువదినాలుగు గంటల పద్ధతిగల గడియారములో గంటల పదులస్థానమున సున్న, ఒకటి, రెండు మాత్రమే కనబడును. తక్కిన యేడంకెలకును పనియే లేదు. కావున బుద్ధిమంతులు నియతకాలమున పది అంకెలును వరుసగ వెలుగునట్లు ప్రోగ్రామును వ్రాయుదురు. గదిలో మనుష్యులు లేనప్పుడు గొట్టములు ఆఱిపోవునట్లును ఏర్పాటు చేయుదురు. పనిలేమి మనుష్యులనే గాక అంకెలను గూడ చెఱచునని దీనివలన తెలియుచున్నది.

ఇక జమాఖర్చులు. ఇచ్చట ఊహకొఱకు ఒక లెక్క వేయుదము. అంకెలు మాఱినను తీరు మాఱదు. ఒక గడియారమునకు సామగ్రి 8,000 రూపాయలు, అమ్మకపు వెల 14,000 రూపాయలు అనుకొందము. ఆఱువేలు లాభమని యువకుడు సంతసించును. కాని అమ్మకపు సంస్థల కమీషనులకు, చెల్లింపు రుసుములకు నూటికి పది చొప్పున 1,400 పోవును. గాజు వస్తువును పగులకుండ కట్టి పంపుటకు 600. పదింటిలో ఒకటి దారిలో పగిలియో దోషముతో తిరిగివచ్చియో నష్టపడినచో, దాని సామగ్రి వ్యయము ఒక్కొక్కదానిపై 800 పడును. రేపు కొనినవాడు గొట్టము పాడైనదని వ్రాసినప్పుడు ఇచ్చుటకు నిలువయుంచవలసిన గొట్టముల కొఱకు 700. మిగిలినది 2,500. కూర్చుటకు పది గంటలైనచో గంటకు 250 రూపాయలు. ఉత్తరప్రత్యుత్తరములకును, ఫొటోలకును, సామగ్రి వెదకుటకును, పరీక్షించుటకును ఇంకొక పది గంటలైనచో గంటకు 125. పనిముట్ల వెలయు, పన్నులును ఇందులోనివే. ఆఱువేల లాభ మెక్కడికి పోయినదో యెవ్వరును దొంగిలింపలేదు. లెక్క వ్రాయకపోవుటచే అది మొదట కనబడినది, అంతియే.

నియమములను గూడ చూడవలెను. మనదేశ ప్రభుత్వము 2012లో వెలువరించిన ఎలక్ట్రానిక్ వస్తువుల నిర్బంధ నమోదు ఉత్తర్వునందు మెయిన్స్ విద్యుత్తుతో నడుచు ఎలక్ట్రానిక్ గడియారములను చేర్చినది. ఐరోపాయందు 2006 నుండి విద్యుత్ వస్తువులలో పాదరసము, సీసము మొదలగు వానికి మితము విధింపబడినది. ఇట్టి నియమములు కాలానుసారముగ మాఱుచుండును. కావున అమ్మదలచిన దేశమున నేది చెల్లునో ముందుగ విచారించి తెలిసికొని, గోడకు తగిలించు అడాప్టరును తాను చేయక, పరీక్షలకు నిలిచి గుర్తుపొందినదానినే కొని యిచ్చుట క్షేమము. చిన్నవాడనని చట్టము మన్నింపదు; విద్యుత్తు అంతకన్నను మన్నింపదు.

ఇంతవఱకును చెప్పిన కష్టములు శ్రమచేతను, వివేకముచేతను దాటదగినవి. అసలు చిక్కు వేఱొకటి గలదు. ఈ గడియారములలో ప్రాణమువంటి గొట్టము, తయారీ నిలిచిపోయిన కర్మాగారపు మిగులు సరకు. అమ్మిన ప్రతి గడియారముతోను ఆ రాశి తఱుగుచునే యుండును. తిరిగి నిండుట లేదు. కూర్చుండి తినిన కొండలైనను తఱుగునను సామెత మన పెద్దలు ఊరక చెప్పలేదు. సరకు తఱిగినకొలది వెల పెరుగును. వెల పెరిగినకొలది, వాడి అరిగిన గొట్టములను తుడిచి క్రొత్తవని యమ్మువారును బయలుదేరుదురు. దీనికి తోడు ఆ సరకు అధికభాగము రష్యా, ఉక్రెయిను దేశములలో నుండెను. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయినుపై దండెత్తగా, టపాదారులును, సొమ్ము పంపు మార్గములును తెగినవి. ఎన్నడును తుపాకి మ్రోత వినని గడియారముల పనివాడొకడు, వేలమైళ్ల దూరమున తన బల్లయెదుట గొట్టములు రాక చేతులు కట్టుకొని కూర్చుండవలసి వచ్చెను. ఊట లేని బావినీటితో తోట వేసినవాని స్థితి యిట్టిదే. చెట్టు ఎంత చక్కగ పెరిగినను, నీరెన్నాళ్లుండునో వాని చేతిలో లేదు.

మఱి యీ బావికి ఊట త్రవ్వువాడు లేడా? ఉన్నాడు. చెక్ దేశమునందు దాలిబోర్ ఫార్నీ యను యువకుడు 2010 దశకపు తొలి సంవత్సరములలో, మిగులు సరకు కొఱకు వెదకుట మాని, గొట్టమునే మఱల చేయ పూనుకొనెను. ఆ విద్య నెఱిగినవారు వృద్ధులైరి; యంత్రములు తుక్కుక్రింద పోయినవి; పుస్తకములలో వ్రాయని మెలకువలు పనివారి చేతులతోనే పోయినవి. తీగ గాజులోనికి చొచ్చుచోట వెండ్రుకంత సందు మిగిలినను గాలి లోనికి చొరబడి గొట్టము కొన్నాళ్లకు చచ్చును. లోహమునందు దాగిన తేమయు, మలినమును వేడిచేసి పీల్చివేయనిదే వాయువు శుద్ధముగ నిలువదు. గాజును, లోహమును సమానముగ వ్యాకోచించు రకములుగ నెన్నుకొననిదే అది చల్లాఱునప్పుడు పగులును. ఇట్టి చిక్కులనన్నింటిని ప్రయత్నముల మీద ప్రయత్నములు చేసి దాటి, తూర్పు జర్మనీలో పూర్వము తయారైన జెడ్568ఎం అను గొట్టమును పోలిన పెద్ద గొట్టమును అతడు సాధించెను. మొరావియాలోని ఒక పాత కోటలో పనివారిని కూర్చుకొని గొట్టములను, వానితో గడియారములను గూడ చేసి దేశదేశములకు పంపెను. గొట్టమును చేయు విధమును చలనచిత్రముగ తీసి లోకమునకు చూపెను గూడ. రహస్యముగ దాచలేదు. చూచినంతమాత్రమున చేయజాలరని యెఱిగినవాడు దాచవలసిన పని యేమున్నది?

పాఠకులు ఈ రెండు తెఱగుల పనివారి భేదమును గమనింపవలెను. మొదటివాడు వారసత్వమును తెచ్చి యమ్ముచున్నాడు; రెండవవాడు వృత్తిని స్థాపించినాడు. తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడను మాటకు మొదటివాని వ్యాపారము కొంత దగ్గఱగ నున్నది. అయినను అతనిని తూలనాడుట మా తలంపు కాదు. కర్మాగారము మూతపడినంత మాత్రమున, చెత్తకుప్పలో చేరవలసిన గొట్టమును తెచ్చి, దానికి తగిన మందసమును చేసి, మఱియొక ఇరువదేండ్లు వెలిగించుట మంచి పనియే. పాతదానిని బాగుచేసి నిలుపువానికి లోకమున ఎల్లప్పుడును గౌరవస్థానము గలదు. అందఱును గాజు కరగించి, శూన్యము సృష్టించి, గొట్టము చేయజాలరు గదా! దానికి వలయు పంపులు, కొలుములు, సంవత్సరముల వైఫల్యమును భరించు ధనము, అంతకంటె భరించు మనస్సు, కొందఱికే యుండును.

కాని గొట్టము చేయజాలనివాడు కూడ చేయదగినది తనకంటూ కొంత యుండవలెను. అడవికఱ్ఱతోనో ఇత్తడితోనో తన యూరి వడ్రంగి, కంచరి పనితనము తోడుగ వేఱొకరు అనుకరింపలేని మందసమును చేయవచ్చును. గొట్టము పాడైనచో టంకము విప్పనక్కఱలేకుండ ఊడదీసి మార్చుటకు వీలుగ అమర్చవచ్చును. పాత గడియారములను, పాత కొలత యంత్రములను బాగుచేయు పనిని చేపట్టవచ్చును. ఎక్కువ వోల్టుల విద్యుత్తును క్షేమముగ నడపు నేర్పు వచ్చినవాడు నిక్సీ గొట్టములు పూర్తిగ అంతరించినను ఆకలికి మాడడు. ఆ నేర్పు వేయిపనులకు పనికివచ్చును. గొట్టములు తఱుగును గాని చేతనైన విద్య తఱుగదు. అట్టి విద్యను సంపాదించుటకు ఈ గడియారము మంచి బడి యనుటలో సందేహము లేదు.

అన్నింటికంటె ముఖ్యము సత్యసంధత. గొట్టము క్రొత్తదో వాడినదో కొనువానికి విప్పి చెప్పవలెను. జీవితాంతము పూచీ యని వ్రాయుట, తనవద్ద లేని గొట్టములను తాకట్టు పెట్టుటయే. అమ్మిన ప్రతి గడియారమునకును ఒక గొట్టమునైనను పక్కనుంచి, ఆ నిలువయున్నంత వఱకే క్రొత్త గడియారములను అమ్మవలెను. నిలువ తగ్గినచో అమ్మకము నాపవలెను గాని, నిన్న కొనినవాని వంతు తీసి నేడు కొనువానికి ఇవ్వరాదు. విత్తనపు గింజలను వండుకొని తిను రైతును మనము మెచ్చము. ఈ ధర్మము బల్లమీది పరిశ్రమకును అట్లే వర్తించును.

ఇప్పుడు ఆ తండ్రి చెప్పదగిన సమాధానము స్పష్టము. కుమారుని నిరుత్సాహపఱుపవలదు; పొలమును తాకట్టు పెట్టను వలదు. పోయినను ఇంటిపొయ్యి ఆఱకుండునంత సొమ్ము మాత్రమే యిచ్చి, జీతమో సేద్యమో మఱియొక ఆధారము చేతనుంచుకొని, మొదట పది గడియారములు చేయుమని చెప్పవలెను. ఆ పదింటి జమాఖర్చులను, తన శ్రమ గంటలతోసహ, ఒక పుస్తకమున వ్రాసి చూపుమనవలెను. ఏడాది గడచిన పిదప ఆ పదింటిలో నెన్ని వెలుగుచున్నవో, కొనినవారిలో నెందఱు తమ స్నేహితులను పంపిరో అడుగవలెను. పదింటిలో తొమ్మిది వెలుగుచు, లెక్క పుస్తకము సరిగ నున్నచో, ఇరువదింటికి సాయము చేయవలెను. గడియారములు ఆఱిపోయి, పుస్తకము తెల్లగ నున్నచో, ఆ సొమ్ము చదువు క్రింద ఖర్చయినదని యెంచి, ఇక ఆపుమనవలెను. చిన్న పరిశ్రమకు కావలసినది గొప్ప సాహసము కాదు. తన లెక్కను తాను మోసగింపని నిదానము. అది గల యువకునికి గొట్టములు దొరకని నాడైనను చేయదగిన పని దొరకక మానదు.